ఓటీపీ లేదు, మెసేజ్ లేదు, వేలిముద్రతో అమ్మ ఖాతాలోంచి 29,500 పోయాయి. ఆధార్ లాక్ చేస్తే పింఛను ఆగుతుందా?

గోదారిగట్టు
అమ్మ పాస్‌బుక్ ఇవాళ ప్రింట్ వేయిస్తే మూడు లైన్లు కొత్తగా కనిపించాయి. రెండుసార్లు 10,000, ఒకసారి 9,500. మూడింటి పక్కనా ‘ఏఈపీఎస్’ అని (ఆధార్ నంబరు, వేలిముద్రతో ఖాతాలోంచి డబ్బు తీసే పద్ధతట), ఆ వెనకే 12 అంకెల నంబరు. మొదటిది 16 రోజుల కిందటిది, చివరిది 14 రోజుల కిందటిది. అమ్మకి ఏటీఎం కార్డు లేదు, యూపీఐ లేదు, ఉన్నది బటన్ల ఫోను. ఖాతాకి ఫోన్ నంబరే ఇవ్వలేదు, ఇంక మెసేజ్ ఎక్కడినుంచి వస్తుంది. బ్రాంచిలో అడిగితే “వేలిముద్ర పడితేనే డబ్బు వస్తుందండీ, మీ ఇంట్లోవాళ్లే ఎవరో తీసుకెళ్లి వేయించి ఉంటారు” అని పంపేశారు.
రెండు ప్రశ్నలు. డబ్బు వెనక్కి తెచ్చుకునే దారి ఉందా? ఇక ముందు జరక్కుండా ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేస్తే ఒకటో తారీకు పింఛను, రేషన్ షాపులో వేలిముద్ర ఆగిపోతాయా? ఆధార్‌కి మాత్రం నా ఫోన్ నంబరే లింకై ఉంది. ఊరు పశ్చిమ గోదావరి జిల్లా.

లెక్కల_మాస్టారు
మిగతా మాటలు తర్వాత, ముందు 1930కి ఫోన్ చెయ్యండి. చేతిలో ఉండాల్సినవి: ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, మూడు లావాదేవీల తేదీలు, మొత్తాలు, ఆ 12 అంకెల నంబర్లు. దాన్ని ఆర్ఆర్ఎన్ అంటారు, లావాదేవీని పట్టుకునే తాడు అదే. పాస్‌బుక్ ప్రింట్‌లో ఒక్కోసారి చివరి అంకె అంచు దాటిపోతుంది. సరిగ్గా 12 ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి, లేకపోతే బ్రాంచిలో స్టేట్‌మెంట్ తీసుకోండి. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకున్నాకే ఫోన్ పెట్టేయండి. తర్వాత నేషనల్ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో అదే నంబరు మీద పాస్‌బుక్ పేజీ ఫోటో జతచేసి ఫిర్యాదు పూర్తి చెయ్యాలి. ఫోన్ చేసి ఊరుకుంటే అది సగం పనే.

రేలంగి_రైడర్
16 రోజులైంది కదా మాస్టారూ. 1930 పనికొచ్చేది మొదటి గంటా రెండు గంటలే. నగదు తీసేసుకున్నాక ఫ్రీజ్ చెయ్యడానికి ఏముంటుంది?

సీఎస్పీ_సూరిబాబు
రైడర్ గారు, యూపీఐ మోసంలో మీ మాట నిజం. ఇది వేరు. ఏఈపీఎస్‌లో కస్టమర్ ఖాతాలోంచి వెళ్లిన డబ్బు నోట్ల రూపంలో వెళ్లదు. ముందు ఆ మైక్రో ఏటీఎం (షాపుల్లో నగదు ఇచ్చే చిన్న మిషన్) ఆపరేటర్ వాలెట్‌లో పడుతుంది, అక్కణ్ణుంచి ఆపరేటర్ తన బ్యాంకు ఖాతాకి మార్చుకుంటాడు. నిజమైన షాపులో అయితే ఆపరేటర్ గల్లాపెట్టె లోంచి నోట్లు తీసి ఇస్తాడు. మోసంలో ఇవ్వడానికి ఎదురుగా మనిషే లేడు. అంటే ప్రతి లావాదేవీకీ ఒక ఆపరేటర్ ఐడీ, ఒక టెర్మినల్ ఐడీ, వాటి వెనక కేవైసీ ఇచ్చిన ఒక మనిషి తప్పకుండా ఉంటారు. ఆలస్యమైనా ఫిర్యాదు చెయ్యాలి అనేది ఇందుకే.
ఆ ఐడీలు మీ బ్యాంకు దగ్గర ఉంటాయి, లేదా ఎదుటి బ్యాంకుని, అంటే ఆ ఆపరేటర్ బ్యాంకుని, అడిగి తెప్పించుకోవాలి. రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే ‘సిస్టంలో కనపడదు’ అంటారు.

పాలమూరు_పిల్లగాడు
అసలు ఓటీపీ లేకుండ పైసలు ఎట్ల పోతయి? గది ఎవరన్న చెప్పరాదుండ్రి.

సీఎస్పీ_సూరిబాబు
@పాలమూరు_పిల్లగాడు ఆపరేటర్ స్క్రీన్ మీద మూడే గడులు ఉంటాయి తమ్ముడూ. బ్యాంకు పేరు జాబితాలోంచి ఎంచుకోవాలి, 12 అంకెల ఆధార్ నంబరు కొట్టాలి, ఎంత కావాలో కొట్టాలి. తర్వాత స్కానర్ అద్దం వెలుగుతుంది, వేలు పెట్టాలి. అంతే. పిన్ లేదు, ఓటీపీ లేదు, ఖాతా నంబరు కూడా అక్కర్లేదు. ఒక్కసారికి 10,000 వరకు. అందుకే ఇలాంటి పాస్‌బుక్కుల్లో పదివేలు, పదివేలు, ఆపైన మిగిలింది అని కనిపిస్తుంది.
ఏటీఎం లేని ఊళ్లో ఉపాధి కూలి డబ్బులు తీసుకునేవాళ్లకి ఇది గొప్ప మేలు చేసింది, ఆ మాట కాదనను. కానీ పిన్ మర్చిపోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. ఆధార్ నంబరూ వేలి గీతలూ ఒకే కాగితం మీద దొరికితే ఇక మిగిలేది బ్యాంకు పేరు ఒక్కటే. అది కూడా ఒక్కొక్కటే ప్రయత్నించి చూస్తారు.

డాక్యుమెంట్_రైటర్
ఆ “ఒకే కాగితం” ఏదో నేను చెబుతాను. రిజిస్టర్డ్ దస్తావేజు. రిజిస్ట్రేషన్ చట్టంలోకి 2001 సవరణతో 32ఏ సెక్షన్ వచ్చింది. స్థిరాస్తి చేతులు మారితే అమ్మేవాళ్లవీ కొనేవాళ్లవీ ఫోటోలు, వేలిముద్రలు దస్తావేజుకి జతచెయ్యాలి. 57వ సెక్షన్ ప్రకారం అమ్మకం దస్తావేజు నకలు ఫీజు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు. ఈ రెండూ దేనికది మంచి ఉద్దేశంతోనే పెట్టారు. దస్తావేజులు స్కాన్ అయి ఆన్‌లైన్‌కి ఎక్కాక, దస్తావేజు పాఠంలో మనం రాసే ఆధార్ నంబరు కూడా కలిశాక చిక్కు మొదలైంది.
2018లో పెద్దపల్లి జిల్లాలో బయటపడ్డ కేసు ఇదే. సిమ్ కార్డులు అమ్మే వ్యక్తి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది ముద్రలతో రబ్బరు ముద్రలు చేయించి, ఇతరుల పేరు మీద వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. అక్కడ పోయింది డబ్బు కాదు గానీ, గీతలు కాగితం మీంచి లేచి స్కానర్ దాకా రాగలవని అప్పుడే తేలిపోయింది.
గోదారిగట్టు గారూ, అమ్మగారి పేరున ఈమధ్య ఏమైనా రిజిస్ట్రేషన్ జరిగిందా?

గోదారిగట్టు
జరిగింది. పోయిన ఏడాది పావెకరం గిఫ్ట్ డీడ్. పాఠంలో ఆధార్ నంబరు మొత్తం ఉంది, ఇప్పుడే తీసి చూశాను.

డాక్యుమెంట్_రైటర్
రిజిస్టరైన దాన్ని వెనక్కి తీసుకోలేం. ఇక ముందు రాయించుకునేవాళ్లు చిత్తుప్రతి దశలోనే రైటర్‌కి చెప్పండి, పాఠంలో చివరి నాలుగంకెలే చాలని. ఆఫీసులో గుర్తింపు కోసం అసలు కార్డు ఎలాగూ చూపిస్తారు. సబ్ రిజిస్ట్రార్ ఒప్పుకోకపోతే అప్పుడు చూసుకోవచ్చు, ముందే మనంతట మనం రాసేయక్కర్లేదు.

గట్టి_తాళం
ఇంత తెలిశాక ఇంకా ఆలోచన ఎందుకు? ఇంటిల్లిపాదికీ బయోమెట్రిక్ లాక్ వేసేయండి. మైఆధార్ సైట్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో లాగిన్ అవ్వాలి. ‘లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్’ నొక్కితే హెచ్చరిక చూపిస్తుంది, టిక్ పెట్టి ముందుకెళ్తే పడిపోతుంది. రెండు నిమిషాల పని. వేలిముద్ర, కనుపాప, ముఖం మూడూ ఒకేసారి లాకవుతాయి. ఆ తర్వాత ఎవరు ప్రయత్నించినా 330 అనే ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది.

వంటింటి_వైఫై
@గట్టి_తాళం మీరు చెప్పినవి సరైనవే. కానీ ఆయన అడిగిన ప్రశ్నకి అది జవాబు కాదు. మూడూ లాకైతే ఒకటో తారీకు సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి వేలు పెట్టించినా 330, కళ్లు చూపించినా 330, ముఖం చూపించినా 330. మిషన్ పాడైందనుకుని ఆయన పక్కింటికి వెళ్లిపోతాడు. ఆ అమ్మ మళ్లీ మళ్లీ వేలు తుడుచుకుని పెడుతూ ఉంటుంది.
ఇక్కడ రెండు వేర్వేరు పనులు ఒకే వేలి మీద నడుస్తున్నాయి, వాటిని విడదీయాలి. పింఛను ఇచ్చేటప్పుడూ రేషన్ ఇచ్చేటప్పుడూ వేలిముద్ర “ఈ మనిషి ఈమేనా” అన్నది తేలుస్తుంది. బ్యాంకు ఖాతాతో దానికి పని లేదు, ఆంధ్రాలో పింఛను చేతికి నగదుగానే ఇస్తారు. ఏఈపీఎస్ అనేది బ్యాంకు ఖాతాలోంచి డబ్బు లాగే దారి. పోయింది రెండో దారిలో, కాబట్టి ముయ్యాల్సింది రెండో దారి. అది ఆధార్ దగ్గర కాదు, బ్యాంకు దగ్గర మూయించాలి. ఖాతాలో ఏఈపీఎస్ డెబిట్ ఆపమని అడిగితే ఆపుతారు. కొన్ని బ్యాంకుల యాప్‌లోనే ఆ స్విచ్ ఉంటుంది, లేకపోతే బ్రాంచిలో కాగితం ఇవ్వాలి.

పాలమూరు_పిల్లగాడు
గట్ల ఆపితే రైతు భరోసా, గ్యాస్ సబ్సిడీ పడవా మరి?

వంటింటి_వైఫై
పడతాయి. అవి ఖాతాలోకి వచ్చే డబ్బులు. వాటిలో ఆధార్ సీడింగ్ (ప్రభుత్వ డబ్బు పడేలా ఖాతాని ఆధార్‌తో కలపడం) మీద వచ్చేవీ ఉంటాయి. మనం ఆపేది బయటికి పోయే దారినే. బ్రాంచిలో మాత్రం “ఆధార్ తీసేయండి” అని చెప్పకండి. అలా అంటే సీడింగే తీసేస్తారు, అప్పుడు నిజంగానే సబ్సిడీ ఆగుతుంది. “ఏఈపీఎస్ డెబిట్ ఆపండి, సీడింగ్ ఉంచండి” అని ఈ రెండు ముక్కలూ రాసివ్వండి.

కువైట్_కడప
మైఆధార్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే ఒక్క బ్యాంకు పేరే కనిపిస్తుంది కదా. ఆ ఒక్క బ్యాంకులో ఆపితే సరిపోతుంది.

సీఎస్పీ_సూరిబాబు
సరిపోదన్నా. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. అక్కడ కనిపించేది ప్రభుత్వ డబ్బు ఏ బ్యాంకుకి వెళ్లాలో చెప్పే పేరు మాత్రమే. ఏఈపీఎస్ ఆ జాబితా చూడదు. ఆపరేటర్ ఏ బ్యాంకు ఎంచుకుంటే ఆ బ్యాంకునే “ఈ ఆధార్‌తో మీ దగ్గర ఖాతా ఉందా” అని అడుగుతుంది. కేవైసీకి ఆధార్ ఇచ్చి లింక్ చేయించుకున్న ప్రతి బ్యాంకులోనూ విడివిడిగా దారి తెరిచి ఉండొచ్చు. ఎన్ని బ్యాంకుల్లో ఖాతాలుంటే అన్నిచోట్లా అడగాలి.

కువైట్_కడప
ఇది తెలియదు. నాకు మూడు బ్యాంకుల్లో ఉన్నాయి, మూడింటికీ మెయిల్ పెడతా.

లెక్కల_మాస్టారు
ఇంకో సులువైన జాగ్రత్త. పెద్దవాళ్ల ఆధార్ లింకున్న సేవింగ్స్ ఖాతాలో రెండు మూడు నెలల ఖర్చుకి సరిపడా ఉంచి, మిగతాది అదే బ్రాంచిలో ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యండి. ఎఫ్‌డీలోంచి ఏఈపీఎస్‌లో తీయలేరు. ఆటో స్వీప్ మాత్రం పెట్టించకండి. సేవింగ్స్‌లో తగ్గితే ఎఫ్‌డీ దానంతటదే విరిగి ఖాతాలోకి వచ్చేస్తుంది, చేసిన జాగ్రత్తంతా వృథా.

రేలంగి_రైడర్
ఏఈపీఎస్ మీదే బతికేవాళ్ల సంగతి? మా వైపు లంక గ్రామాల్లో బ్యాంకుకి వెళ్లాలంటే పడవ ఎక్కాలి. వాళ్లకి ఆపేయమని ఎలా చెబుతాం?

సీఎస్పీ_సూరిబాబు
రూపే కార్డు తీసుకోమనండి. మైక్రో ఏటీఎంలో కార్డు పెట్టి పిన్ కొట్టినా అదే నగదు వస్తుంది, అదే షాపులో, అదే ఆపరేటర్ దగ్గర. జన్‌ధన్ ఖాతా ఉంటే కార్డు ఇస్తారు, చాలామంది బీరువాలో కవరు కూడా చించకుండా పెట్టేసి ఉంటారు. పిన్ ఒకసారి ఏటీఎంలో పెట్టుకోవాలి, అంతే. కార్డు మీద పిన్ రాయకుండా చూడండి.
కార్డు కుదరక వేలే పెట్టేవాళ్లకి కొన్ని మాటలు. ఒకసారి వేలు పెట్టడం అంటే ఒక లావాదేవీ. “సర్వర్ డౌన్, ఇంకోసారి పెట్టండి” అంటే ముందు మొదటిదాని స్లిప్ అడగాలి. ఫెయిలైనా స్లిప్ వస్తుంది, దాని మీద కారణం ఉంటుంది. రెండోసారి పెట్టాక స్లిప్‌లో మిగిలిన బ్యాలెన్స్ ఎంతో ఇంకెవరితోనైనా చదివించుకోవాలి. బ్యాలెన్స్ చూస్తానని చెప్పి విత్‌డ్రాయల్ కొట్టే ఆపరేటర్లూ ఉన్నారు. స్క్రీన్ మనవైపు తిప్పమని అడగడం మన హక్కు. నిజాయితీగా చేసేవాడు అడగకముందే తిప్పుతాడు.

లెక్కల_మాస్టారు
సూరిబాబు గారి మాటకి చేర్పు. ఖాతాలో తగ్గి, చేతికి నగదు రాకపోతే అది మోసమని అనుకోనక్కర్లేదు, ఫెయిలైన లావాదేవీ కూడా కావచ్చు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు సర్క్యులర్ ప్రకారం మైక్రో ఏటీఎంకి కూడా లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా డబ్బు తిరిగి వెయ్యాలి. దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం. దీనికి 1930 అక్కర్లేదు, స్లిప్ పట్టుకుని బ్యాంకుకి వెళ్తే చాలు.

గోదారిగట్టు
1930లో ఫిర్యాదు నంబరు వచ్చింది. పోర్టల్‌లో కూడా పెట్టేశాను. ఇప్పుడు బ్రాంచికి ఏం రాసివ్వాలి? “వేలిముద్ర పడింది కాబట్టి మీదే బాధ్యత” అన్న మాటకి జవాబు కావాలి.

లెక్కల_మాస్టారు
జవాబు 2017 జులై 6 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్‌లో ఉంది. ఖాతాదారు అనుమతి లేని ఎలక్ట్రానిక్ లావాదేవీల మీద. గ్రామీణ బ్యాంకులకి కూడా వర్తిస్తుంది. ముఖ్యమైనవి చెబుతాను.
తప్పు ఖాతాదారుదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగింది అనుకోండి. బ్యాంకు నుంచి సమాచారం అందాక 3 పనిదినాల్లోగా చెబితే ఖాతాదారు నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకి గరిష్ఠంగా 10,000, బేసిక్ సేవింగ్స్ ఖాతాకి 5,000 వరకు భరించాలి. 7 దాటితే బ్యాంకు బోర్డు పెట్టుకున్న పాలసీ ప్రకారం. చెప్పిన 10 పనిదినాల్లోగా బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వెయ్యాలి, 90 రోజుల్లో తేల్చాలి. అన్నిటికంటే పెద్దది ఇది: తప్పు ఖాతాదారుదే అని రుజువు చెయ్యాల్సిన భారం బ్యాంకు మీదే ఉంటుంది. “మీవాళ్లే తీసుంటారు” అంటే సరిపోదు, చూపించాలి.

రేలంగి_రైడర్
కానీ 16 రోజులైంది. ఏడు దాటిపోయిందంటారు.

లెక్కల_మాస్టారు
అంటారు. అప్పుడు అదే సర్క్యులర్‌లో ఇంకో రెండు వాక్యాలు చూపించాలి. ఒకటి, రోజులు లెక్కపెట్టేది లావాదేవీ తేదీ నుంచి కాదు, బ్యాంకు నుంచి సమాచారం అందిన దగ్గర్నుంచి. అమ్మగారికి అందిన మొదటి సమాచారం ఇవాళ్టి పాస్‌బుక్ ప్రింటే. ప్రింట్ తేదీ పేజీ మీద పడి ఉంటుంది, చూసుకోండి. రెండు, ఖాతాదారులు ఎస్సెమ్మెస్ అలర్టులకి తప్పనిసరిగా నమోదు చేసుకోవాలని బ్యాంకే అడగాలి. మొబైల్ నంబరు ఇవ్వనివాళ్లకి ఏటీఎం నగదు తప్ప మిగతా ఎలక్ట్రానిక్ లావాదేవీల సౌకర్యం బ్యాంకు ఇవ్వకుండా ఉండొచ్చని కూడా ఉంది. నంబరు లేని ఖాతాకి ఏఈపీఎస్ ఎలా తెరిచి ఉంచారని కాగితం మీద అడగండి.

డాక్యుమెంట్_రైటర్
ఈ పాయింటు బలమైనది మాస్టారూ. మొదటి పేరాలోనే పెట్టమనండి.

గట్టి_తాళం
గోదారిగట్టు గారూ, బ్రాంచికి వెళ్లేముందు ఇంకో సాక్ష్యం తీసుకోండి. మైఆధార్‌లో ‘ఆథెంటికేషన్ హిస్టరీ’ అని ఉంటుంది. ఆరు నెలల వరకు, గరిష్ఠంగా 50 లావాదేవీలు చూపిస్తుంది. బయోమెట్రిక్ అని ఎంచుకుని, ఆ మూడు తేదీలు వచ్చేలా పెట్టండి. ఏ సంస్థ అడిగింది, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి, సక్సెసా ఫెయిలా, ఫెయిలైతే ఏ ఎర్రర్ అన్నీ వస్తాయి. 300 అంటే వేలిముద్ర కలవలేదని. 50 దాటితే పాతవి కనిపించవు, ఇవాళే తీసి పెట్టుకోండి.

గోదారిగట్టు
తీశాను. మొదటి తేదీన రాత్రి 9:51కి బయోమెట్రిక్ ఫెయిల్, 300. 9:52కి మళ్లీ ఫెయిల్, 300. 9:54కి సక్సెస్. మిగతా రెండు రోజుల్లోనూ రాత్రి తొమ్మిది దాటాకే. ఆ వారం మొత్తంలో అమ్మ నిజంగా వేలు పెట్టింది రేషన్ షాపులో ఒక్కసారి, పగలు 10:20కి. అది మొదటిసారే సక్సెస్.

సీఎస్పీ_సూరిబాబు
మంచి సాక్ష్యం దొరికింది. రాత్రి పది ఊళ్లో ఏ సెంటరూ తెరిచి ఉండే వేళ కాదు. మనిషి ఎదురుగా ఉంటే వేలు తుడిచో, ఇంకో వేలు పెట్టో చూస్తారు. నకలు ముద్రకి నొక్కే ఒత్తిడీ తడీ సరిపోక ఒకటి రెండుసార్లు 300 రావడం ఉంటుంది. ఇది రుజువు కాదు, అనుమానానికి గట్టి ఆధారం. స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసి జతచెయ్యండి.

పాలమూరు_పిల్లగాడు
రబ్బరు ముద్రను గా మిషిన్ గుర్తు పట్టదా? గిదెక్కడి మిషిన్?

గట్టి_తాళం
ఇప్పుడు బాగానే గుర్తు పడుతోంది. వేలి గీతలతో పాటు వేలి బొమ్మను కూడా కలిపి చూసి, అది సజీవమైన వేలా కాదా అని తేల్చే పద్ధతిని ఆధార్ సంస్థ 2023లో తెచ్చింది. స్కానర్లు కూడా మారుతున్నాయి. పాత ఎల్0 రకం స్కానర్‌లో ముద్రని ఎన్‌క్రిప్ట్ చేసే పని కంప్యూటర్లోనో ఫోన్లోనో ఉండే సాఫ్ట్‌వేర్ చేస్తుంది, మధ్యలో దూరే సందు ఉంటుంది. ఎల్1 రకంలో స్కానర్ లోపలి చిప్పే ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. మంత్రా ఎమ్ఎఫ్ఎస్100 పాతది, ఎమ్ఎఫ్ఎస్110 ఎల్1. షాపులో స్కానర్ వెనక స్టిక్కర్ మీద చదవొచ్చు.

లెక్కల_మాస్టారు
ఆపరేటర్ల మీద కూడా పట్టు బిగిసింది. 2025 జూన్ 27న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆపరేటర్‌ని చేర్చుకునేటప్పుడు బ్యాంకు పూర్తి కేవైసీ చెయ్యాలి, మూడు నెలలు లావాదేవీ లేని ఆపరేటర్‌కి మళ్లీ కేవైసీ చేశాకే తెరవాలి, లావాదేవీలు జరిగే చోటు, సంఖ్య, వేగం గమనిస్తూ ఉండాలి. మీ కాగితంలో “సదరు ఆపరేటర్ కేవైసీ, లావాదేవీ జరిగిన చోటు తెలపండి” అని అడగడానికి ఇది ఊతం.

జిరాక్స్_జాగ్రత్త
అసలు ఆధార్ నంబరు బయటికి పోకుండా చూసుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు. మాస్క్‌డ్ ఆధార్ వాడండి. మైఆధార్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు ‘మాస్క్‌డ్ ఆధార్ కావాలా’ అన్న గడిలో టిక్ పెడితే చివరి నాలుగంకెలే కనిపించే పీడీఎఫ్ వస్తుంది. లాడ్జికీ, కొరియర్‌కీ, అద్దె ఇంటికీ అదే ఇవ్వండి.
పీడీఎఫ్ తెరుచుకోవడం లేదని చాలామంది అడుగుతారు. పాస్‌వర్డ్ ఇదీ: ఆధార్‌లో ఉన్న పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పెద్దబడిలో (క్యాపిటల్ లెటర్స్), వెంటనే పుట్టిన సంవత్సరం. పేరు లక్ష్మి, పుట్టింది 1958 అయితే ‘ఎల్ఏకేఎస్1958’. పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం, చుక్క ఉంటే చుక్క కూడా ఒక అక్షరంగా లెక్క, ఖాళీ లెక్కలోకి రాదు. మనవాళ్లలో పొడి అక్షరాలు ఎక్కువ కాబట్టి తప్పు దాదాపు ఇక్కడే జరుగుతుంది.

కువైట్_కడప
ఆధార్ జిరాక్సులు ఇవ్వొద్దని ప్రభుత్వమే చెప్పి మళ్లీ వెనక్కి తీసుకుంది కదా?

జిరాక్స్_జాగ్రత్త
2022 మేలో. బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం 27న హెచ్చరిక ఇచ్చింది, తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందని 29న కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. మాస్క్‌డ్ ఆధార్ సౌకర్యం మాత్రం అలాగే ఉంది, వాడుకోవడానికి అడ్డేమీ లేదు.
నెట్ సెంటర్లో డౌన్‌లోడ్ చేయించుకునేవాళ్లు ప్రింట్ తీశాక వాళ్ల కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఫైలు తీసేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. వాట్సాప్‌లో పంపించి ప్రింట్ తీయించుకుంటే ఆ సెంటర్ ఫోన్‌లో ఉండిపోతుంది. చాట్‌లో అందరికీ డిలీట్ చేసినా, అప్పటికే దించుకున్న కాపీ వాళ్ల దగ్గరే ఉంటుంది.

వంటింటి_వైఫై
అమ్మ విషయానికి తిరిగొస్తాను. నా లెక్క ఇది. అమ్మకి బ్యాంకులో ఏఈపీఎస్ డెబిట్ ఆఫ్. పింఛనుకి, రేషన్‌కి వేలిముద్ర మామూలుగానే నడుస్తుంది. ఇంట్లో మిగతావాళ్లు, అంటే నెలనెలా వేలిముద్ర అవసరం లేనివాళ్లు, బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు. రేషన్ కార్డులో పేరున్న ఎవరు వేలు పెట్టినా సరిపోతుంది కాబట్టి, ఇంట్లో ఒక్కరిది తెరిచి ఉంచితే చాలు.

గట్టి_తాళం
ఒక్క అమ్మకే తెరిచి ఉంచుతారన్నమాట, ముద్ర బయటికి పోయిన మనిషికే. నాకు అదే నచ్చడం లేదు. ఆ ముద్రతో సిమ్ తీసుకుంటే? తాత్కాలిక అన్‌లాక్ ఉందిగా. అన్‌లాక్ నొక్కినప్పుడు రెండు దారులు అడుగుతుంది: తాత్కాలికంగానా, లేక లాక్ పూర్తిగా తీసేయాలా. తాత్కాలికం ఎంచుకుంటే 10 నిమిషాలు తెరుచుకుని మళ్లీ దానంతటదే పడిపోతుంది. అమ్మ ఆధార్‌కి ఆయన నంబరే ఉంది, కాబట్టి ఆయన ఫోన్‌లోని ఆధార్ యాప్‌లో అమ్మ ప్రొఫైల్ కలుపుకోవచ్చు. ఒకటో తారీకు ఉద్యోగి ఇంటికి రాగానే అమ్మ ఫోన్ చేస్తుంది, ఈయన అన్‌లాక్ చేస్తాడు.

వంటింటి_వైఫై
ఒకటో తారీకు పొద్దున్నే పంపిణీ మొదలవుతుంది. ఈయన ప్రయాణంలో ఉంటే? ఓటీపీ రాకపోతే? మీరు చెప్పింది నడుస్తుంది, కానీ అది ప్రతి నెలా ఇద్దరు మనుషులు సిద్ధంగా ఉంటేనే.

గోదారిగట్టు
ఇద్దరూ చెప్పింది అర్థమైంది. పింఛను రోజు నేను ఊళ్లో ఉండను, కానీ ఫోన్ ఎత్తగలను. రెండూ చేస్తాను: బ్యాంకులో డెబిట్ ఆఫ్, ఆధార్ లాక్ కూడా. ఈ ఒకటో తారీకు తాత్కాలిక అన్‌లాక్ చేసి చూస్తాను. ఇబ్బందైతే లాక్ తీసేసి బ్యాంకు ఆఫ్ ఒక్కటే ఉంచుతాను.

గట్టి_తాళం
మంచిది. లాక్ వేసినా ఓటీపీతో జరిగే ఈకేవైసీ ఆగదు, అది గుర్తుంచుకోండి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్నది అలాగే ఉంటుంది. లైఫ్ సర్టిఫికెట్ వేసే రోజున కూడా ముందు అన్‌లాక్ చెయ్యాలి, ముఖం కూడా లాకై ఉంటుంది కాబట్టి.
టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్‌లో అమ్మ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో కూడా చూడండి. ఆమె నంబరుకి ఓటీపీ వస్తుంది, జాబితా కనిపిస్తుంది. తెలియని నంబరుంటే ‘నాది కాదు’ అని అక్కడే పెట్టొచ్చు.

కువైట్_కడప
బయటి దేశాల్లో ఉండేవాళ్లకి ఒక్క మాట. లాక్, అన్‌లాక్ రెండింటికీ ఇండియా నంబరుకి ఓటీపీ వస్తుంది. ఆ సిమ్ ఆగిపోతే అన్‌లాక్ కూడా ఆగిపోయినట్టే. ఆధార్‌లో నంబరు కేంద్రానికి వెళ్లి మార్చుకోవాలంటే 75 రూపాయలు. బయల్దేరేముందు సిమ్ రీచార్జ్ సంగతి, రోమింగ్‌లో మెసేజ్ వచ్చే సంగతి చూసుకుని అప్పుడు లాక్ వెయ్యండి.

డాక్యుమెంట్_రైటర్
కాగితం ఇలా రాయండి. అమ్మగారి పేరుతోనే ఉండాలి, ఆమె సంతకంతో:
“నా పొదుపు ఖాతా నుండి ... తేదీలలో ఏఈపీఎస్ ద్వారా జరిగిన మూడు నగదు ఉపసంహరణలు, ఆర్ఆర్ఎన్ నంబర్లు ..., మొత్తం రూ. 29,500, నేను చేయలేదు, ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. నా ఖాతాకు మొబైల్ నంబరు లేనందున వీటి సమాచారం నాకు మొదటిసారి పాస్‌బుక్ ముద్రణ ద్వారా ... తేదీన మాత్రమే అందినది. మొబైల్ నంబరు లేని ఖాతాకు ఈ సౌకర్యం ఎట్లు కల్పించబడినదో తెలుపగలరు. రిజర్వ్ బ్యాంకు తేది 06.07.2017 సర్క్యులర్ ప్రకారం 10 పనిదినాలలో తాత్కాలిక జమ చేయగలరు. మూడు లావాదేవీల ఆపరేటర్ ఐడీ, టెర్మినల్ ఐడీ, ఎదుటి బ్యాంకు పేరు, లావాదేవీ జరిగిన ప్రదేశం తెలుపగలరు. నేటి నుండి నా ఖాతాలో ఏఈపీఎస్ డెబిట్ నిలిపివేయగలరు. ఆధార్ సీడింగ్ కొనసాగించగలరు. ఈ క్రింది మొబైల్ నంబరును అలర్టుల కొరకు నమోదు చేయగలరు.”
జతచేసేవి: పాస్‌బుక్ పేజీ, 1930 ఫిర్యాదు నంబరు, ఆథెంటికేషన్ హిస్టరీ ప్రింట్. ఆధార్ కాపీ అడిగితే మాస్క్‌డ్ ఇవ్వండి.

గోదారిగట్టు
అమ్మ సంతకం పెట్టదు. వేలిముద్రే వేస్తుంది.

డాక్యుమెంట్_రైటర్
అయితే ఇంట్లో వేసి తీసుకెళ్లకండి. అమ్మగారిని బ్రాంచికి తీసుకెళ్లి ఆఫీసర్ ఎదురుగా వేయించండి, పక్కన సాక్షి సంతకం, ఆఫీసర్ సంతకం ఉండాలి. ఆ కాగితం మీద ఆధార్ నంబరు రాయకండి, ఖాతా నంబరు చాలు. ముద్ర ఉన్న అసలు కాగితం బ్యాంకులో ఉంచి, మీ కాపీ మీద వేలిముద్ర లేకుండా స్టాంపు, తేదీ, సంతకం మాత్రం వేయించుకోండి.

లెక్కల_మాస్టారు
తీసుకోమంటే తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్, అక్నాలెడ్జ్‌మెంట్ పెట్టి పంపండి, బ్యాంకు ఫిర్యాదుల ఈమెయిల్‌కి కూడా స్కాన్ పెట్టండి. స్కాన్‌లో వేలిముద్ర ఉన్న చోటు కాగితంతో కప్పి తీయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు, ఫీజు లేదు. వివరాలు 14448లో చెబుతారు.

గోదారిగట్టు
రేపు పదింటికి అమ్మని తీసుకుని వెళ్తున్నాను. అమ్మకి రెండో బ్యాంకులో పాత జన్‌ధన్ ఖాతా కూడా ఉంది, మర్చిపోయాను. దానికి కూడా ఏఈపీఎస్ ఆపమని ఇంకో కాగితం రాయాలి.

సీఎస్పీ_సూరిబాబు
ఆ పాస్‌బుక్ కూడా ప్రింట్ వేయించండి. అక్కడ కూడా ప్రయత్నించి ఉండొచ్చు. ఆ ఖాతాకి రూపే కార్డు వచ్చి ఉంటే వెంట తీసుకెళ్లండి, పిన్ అక్కడే పెట్టించుకోవచ్చు.